బావ రక్తం కాగితం కోసం టెక్కలి వెళ్లొచ్చాం

సమాచార హక్కు చట్టం వచ్చి రెండు మూడేళ్లయిన రోజుల్లో మా అప్ప, బావ, నేను ఒక్క కాగితం కోసం టెక్కలి వెళ్లొచ్చాం. అప్ప అంటే మా వైపు అక్క. రేపు మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను చేసినట్టు మాత్రం చేయకండి.

ముందు అసలు సంగతి చెప్పాలి. బావది కవిటి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. చేపల వేట ఆయన పని. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువని ఆ ఊళ్లో రక్త పరీక్షల శిబిరం పెట్టారు. కాశీబుగ్గలో బట్టలు కుట్టుకునే నేను ఆ రోజు చుట్టపుచూపుగా అక్కడే ఉన్నాను. నడిసముద్రంలో గాలివానకి జంకని బావ, ముందు మనిషి చేతిలో దిగుతున్న సూదిని చూసి లైన్లోంచి జారుకున్నాడు. మా పల్లెల్లో కిరసనాయిలు లైనైనా బియ్యం లైనైనా ఒకరి బదులు ఇంకొకరు నిలబడడం మామూలే. "పేరు నాది సెప్పు, సెయ్యి నీది పెట్టు" అన్నాడు. పెట్టాను. బావ పేరు రాసిన సీసాలోకి నా రక్తం వెళ్లింది. అప్పకి తెలియదు.

ఊళ్లో ఎవరికీ ఫలితాల కాగితాలు రాలేదు. మిగతావాళ్లు విసిగిపోయి సోంపేట వెళ్లి మళ్లీ చేయించుకున్నారు. బావ మాత్రం "ఓపాలి ఇచ్చీసినాను కదా, ముందు దాని కాయితం రానీ" అని తప్పించుకున్నాడు. "అయితే ఆ కాయితం వొచ్చినదాకా నువ్వు బోటెక్కడానికి నేదు" అంది అప్ప. మహిళా సంఘం లీడరు, పదో తరగతి చదివింది, అన్నమాట మీద నిలబడే మనిషి. బావ పదకొండు నెలలు ఒడ్డున కూర్చుని ఊరందరి వలలూ బాగుచేశాడు.

అప్ప సమాచార హక్కు కింద అర్జీ పెడితే, భర్త వివరాలు భార్యకి ఇవ్వలేం, అది మూడో వ్యక్తి సమాచారం అని జవాబు వచ్చింది. బావ చేత సంతకం పెట్టించి పంపింది. సదరు వ్యక్తి అంగీకారం కోరుతూ ఆయనకే లేఖ రాశామన్నారు. ఆ లేఖ కూడా అదే పోస్టులో బావకే వచ్చింది. బావ అంగీకరించాడు. అంగీకరించిన వ్యక్తి, అడిగిన వ్యక్తి ఒకరేనని రుజువు లేదన్నారు. అప్ప సమాచార కమిషన్‌కి అప్పీలు చేసింది. హైదరాబాదు నుంచి సమాచార కమిషనరు గారు టెక్కలి వచ్చి విచారణ చేస్తారని కబురొచ్చింది. శిబిరం రోజు అక్కడే ఉన్నానని, సాక్షిగా నన్నూ రమ్మంది అప్ప.

ముందురోజే వాళ్లింటికి చేరుకున్నాను. ఉదయం అయిదున్నరకి షేరాటో ఎక్కాం. డ్రైవరుకి అటొకరు ఇటొకరు పోను, వెనకాల తొమ్మండుగురం. దారి పొడుగునా కొబ్బరితోటలే. ఆరుంబావుకి కవిటి, అక్కడ టీ. ఆరున్నరకి పలాస బస్సు.

బస్సులో నా పక్కన పనసపండుని ఒళ్లో పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది.

"ఏ ఊరెల్తన్నారు నాయినా?"

"టెక్కలమ్మా. మా బావ రక్తం కాగితం కోసం."

"ఆడి రగతం ఆడికి ఇయ్యరేటి?"

"మూడో మనిషిదంట."

ఆమె పనసపండుని ఒళ్లో సర్దుకుని, "అయితే ఆడు ఎన్నో మనిసి?" అంది.

ఎనిమిదింబావుకి కాశీబుగ్గలో దిగి ఇడ్లీలు తిన్నాం. అప్ప చేయి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు బావని గోడవారకి లాగాను. "కాగితంలో ఏదైనా తేడా ఉంటే ఎలా బావా? అది నా రక్తం."

"నీకేటి, ఎద్దునాగున్నావు. బాగానే ఉంటాది. నోరు మూసుకో, రేపు నాను బోటెక్కాల" అన్నాడు. ఆయన బోటు ఆయనది, నా కిడ్నీలు నావి. మొదటిసారి నాకు భయమేసింది.

తొమ్మిది గంటల బస్సుకి బయల్దేరి పదికి టెక్కలి చేరాం. విచారణ ఒక ఆఫీసు మీటింగు హాల్లో. మా పేరు పదకొండున్నరకి పిలిచారు. కమిషనరు గారు తెల్లజుట్టు పెద్దమనిషి, మాట మెత్తన. ఎదురుగా శిబిరం పెట్టిన ఆఫీసు తరఫు సమాచార అధికారి, ఫైలుని గుండెకి అదుముకుని నిలబడ్డారు.

"ఈయన రక్తం గురించి ఈయనే అడిగితే, అది మూడో వ్యక్తి సమాచారం ఎలా అయిందండీ?"

"గోప్యత సార్. కాపాడాలి కదా సార్."

"ఎవరి నుంచి ఎవరిని?"

"ఈయన నుంచే సార్. ఈయననే."

హాల్లో నవ్వులు. కమిషనరు గారు నవ్వలేదు. సరైన కారణం లేకుండా సమాచారం ఆపితే రోజుకింత చొప్పున జరిమానా, అదీ అధికారి సొంత జీతంలోంచి అని నెమ్మదిగా వివరించారు. అధికారి గబగబా వచ్చి నా ముందున్న గ్లాసులో నీళ్లు తాగేశారు. అప్పుడు దగ్గరగా చూశాను. ఆయన చొక్కాకి అరిగిన కాలరు తిరగేసి మళ్లీ కుట్టించారు. దర్జీ కన్ను ముందు అక్కడికే పోతుంది. ఈయన జీతంలోంచి నా మూలాన కోత పడుతోందని మనసు పీకింది. ఒక పక్క బావ నా తొడ గిల్లుతున్నాడు. అయినా లేచాను.

"అయ్యా, ఆ రక్తం నాదండి."

జరిగిందంతా చెప్పేశాను. నేను కూర్చునేలోగా అధికారి ముఖం వెలిగిపోయింది. "మూడో వ్యక్తి సార్. నేను మొదట్నుంచీ అదే కదా సార్ రాస్తున్నాను."

కమిషనరు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత చెప్పారు. "తెలియకుండా నిజం రాసినందుకు చట్టంలో బహుమతి లేదండీ. జరిమానా నోటీసు నోటీసే. ఊళ్లో అందరి కాగితాలూ పదిహేను రోజుల్లో ఎవరివి వాళ్లకి అందాలి. ఈ కాగితం ఇప్పుడే, ఇక్కడే." నా వైపు తిరిగి, "మూడో వ్యక్తి గారూ, మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు. లేదని తెల్లకాగితం మీద రాసిచ్చాను.

కాగితాన్ని నాకంటే ముందు అప్ప అందుకుంది. చదివి నా చేతిలో పెట్టింది. కిడ్నీ పనితీరులో తేడా ఉంది, నెల రోజుల్లో మళ్లీ పరీక్ష చేయించాలి అని రాసుంది. కింద తేదీ పదకొండు నెలల కిందటిది.

అప్పటిదాకా వచ్చిన నవ్వంతా పోయింది. అధికారి ఆ తేదీ చూసి తల దించుకున్నారు. తిరగేసిన కాలరు మళ్లీ కనపడింది గాని, ఈసారి జాలి కలగలేదు.

అప్ప మా ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని నేరుగా రక్తపరీక్షల సెంటరుకి నడిపించింది. తిట్లు తర్వాత ఉంటాయంది. ముందు బావ. ఆయన తలని అప్ప తన పొట్టకి అదిమి పట్టుకుంది. సూది తగలకముందే బావ కళ్లు తేలేశాడు, ఇద్దరు మనుషులు లేపి కూర్చోబెట్టాల్సొచ్చింది. తర్వాత నేను. ఫలితం మూడింటికన్నారు. ఎదురు హోటల్లో భోజనం చేశాం. సాంబారు బాగుందని బావ ఒక్కడే అన్నాడు.

మూడున్నరకి సెంటర్లో డాక్టరు పిలిచారు. బావకి ఏమీ లేదు. నాకు తేడా అప్పటికన్నా కొంచెం పెరిగింది. మిషను మీద వంగి వంగి నడుంనొప్పికి నేను రోజూ మింగే మాత్రలు ఈ క్షణం నుంచి మానెయ్యాలన్నారు. మూణ్ణెల్లకోసారి పరీక్ష. కంగారు పడొద్దన్నారు గాని, పదకొండు నెలల కిందటే మానేసుంటే బాగుండేదని కూడా అన్నారు. నాకు చాలా కోపమొచ్చింది. ఆ ఆఫీసు మీద ఎంతో, నా మీద నాకూ అంతే.

నాలుగున్నర బస్సు దొరికింది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదీ: పాత ఉత్తరాలన్నీ పట్టుకెళ్లండి, పొద్దున్న బస్సుకే వెళ్లండి, అడిగితే ఇస్తారు, ఇవ్వకపోతే అడిగేవాళ్లు పైన ఉన్నారు. కానీ సీసా మీద మీ పేరు ఉండాలి, లోపల మీ రక్తమే ఉండాలి.

అప్ప దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. రేపట్నుంచి బావ బోటెక్కొచ్చని మాత్రం చెప్పింది. పదకొండు నెలలు ఎదురుచూసిన మాట విని కూడా బావ సరేనని ఊరుకున్నాడు.

కాశీబుగ్గలో నేను దిగాను. బస్సు కదిలేముందు బావ కిటికీలోంచి పిలిచాడు.

"మూణ్ణెల్లకి మల్లీ ఎల్లినప్పుడు నాకు కబురెట్టు. నానూ వొత్తాను."

"నీకెందుకు బావా, నీది బాగానే ఉంది కదా."

"నీ పక్కన కూకుని నానూ పొడిపించుకుంతాను" అన్నాడు. ఆ మాట అనడానికే ఆయన కిటికీ ఊచని రెండు చేతులతో పట్టుకోవాల్సొచ్చింది.