మంట వెలిగిన గంటలు

బొగ్గును నేరుగా కాల్చకుండా వాయువుగా మార్చి, శుద్ధిచేసి, విద్యుత్తు తీసే కర్మాగారంలో ఆమె పొగను పరీక్షించే కెమిస్టు. రోజూ ఉదయం వంటింటి కిటికీ గట్టును తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుతురులో పట్టి చూశాకే పొయ్యి వెలిగిస్తుంది. పాత బాయిలరు రోజుల్లో బొగ్గులా నల్లబడిన గుడ్డ ఇప్పుడు దాదాపు తెల్లగానే ఉంటోందని ఎవరడిగినా ఒప్పుకుంటుంది. ఆమెకు గుబులు పుట్టించేది యంత్రం ఆగి మళ్ళీ మొదలయ్యే వేళ. అప్పుడు శుద్ధికాని వాయువు ఎత్తైన గొట్టం కొసన మంటగా కాలిపోతుంది. ఆ గంటలను చేతిగడియారం చూసి చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. ఈ ఏడాది అవి రెండువందల పన్నెండు. ఆమె సంతకం పెట్టాల్సిన పొగ వార్షిక నివేదికలో మాత్రం ఒక్కటీ లేదు.

"ఫోటో దిగేముందు తల దువ్వుకోమా మేడమ్? ఇదీ అంతే, సంతకం పెట్టేయండి," అన్నాడు మేనేజరు నవ్వుతూ.

"దువ్వుకోండి సార్, కాదనను. తలే మార్చేస్తే ఎలా?" అంది. పదవీ విరమణకు పది నెలలే ఉన్నాయి. ఉంటున్న ఇల్లూ కర్మాగారానిదే. అయినా ఆ గంటల సంఖ్యను నివేదికలో స్వయంగా రాసి, మూడుసార్లు సరిచూసుకుని, దాని కిందే సంతకం చేసింది.

సాయంత్రం ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. ఇంతలో కిటికీ అవతల మంట లేచింది. మోగుతున్న ఫోనును అలాగే వదిలేసి, ముందు సమయం రాసుకుంది.