దీవి పిల్ల ఈత పాఠాలు

నడుము లోతు నీళ్లలో, పట్టపగలు, చర్చి సంఘం సంఘమంతా ఒడ్డున పులిహోర తింటూ చూస్తుండగా మునిగిపోయిన మనిషి గురించి ఎప్పుడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషిని నేనే. పైగా ఆ రోజు అక్కడ ఈత నేర్పడానికి వచ్చిన టీచర్ని కూడా నేనే.

నా పేరు కరుణ. పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను డెలానీపూర్‌లో ఒక చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పదిహేడో ఏటి నుంచి నాకు ఒకటే కోరిక. ఏదైనా దూరదేశం వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి, పిల్లలకు చదువు చెబుతూ దేవుని సేవ చెయ్యాలి. ఏడేళ్లు ప్రార్థన చేశాక మెయిన్‌లాండ్‌లోని ఒక మిషనరీ సంస్థ నుంచి కబురొచ్చింది. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవుల దేశం, కనీసం పదేళ్లు ఉండాలి, ముందుగా ఈ ఫారం నింపి పంపండి అని.

ఆ ఫారమే నా కొంప ముంచింది.

మొత్తం పదకొండు పేజీలు. మొదటి పదీ దాదాపు నిజాయితీగానే నింపాను. పదకొండో పేజీలో అడిగారు: ఈత వచ్చునా? పక్కన మూడు గడులు. రాదు. కొంచెం వచ్చు. అద్భుతంగా వచ్చు.

మీరే చెప్పండి, చుట్టూ నాలుగు వైపులా సముద్రం పెట్టుకుని, వలలు లాగిన వంశంలో పుట్టి, 'రాదు' అని ఎలా పెట్టను? పరువేం కావాలి? అసలు సంగతేమిటంటే, నా చిన్నప్పుడు సునామీ వచ్చిపోయాక మా అమ్మ ఒక చట్టం చేసింది. "సీలమండ దాటి నీల్లు తగిల్నాయంటే కాల్లిరగ్గొడతాను." నాకు ఇరవై నాలుగేళ్లొచ్చినా ఆ చట్టం అమల్లోనే ఉంది. చీలమండ వరకైతే నా అంత ధైర్యవంతురాలు దీవిలో ఇంకొకతె లేదు.

సరే, 'కొంచెం వచ్చు' అని పెడదామనుకున్నాను. మరీ కొంచెమా అనిపించింది. వేలు దానంతటదే కిందికి జారి 'అద్భుతంగా' మీద వాలింది. ఫారం అడుగున "తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎంపిక రద్దు" అని చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు కదా, చిన్న విషయమే అయ్యుంటుందనుకున్నాను.

నెల తిరక్కుండానే ఎంపికయ్యానని ఉత్తరం వచ్చింది. ఆదివారం ఆరాధనలో మా పాస్టరుగారు దాన్ని చేత్తో ఊపుతూ, "మన కరుణ సముద్రపు బిడ్డ! ఈతలో అద్భుతమని సంస్థవాళ్లే రాశారు!" అని ప్రకటించారు. అందరూ "స్తోత్రం!" అన్నారు. వీడ్కోలు కూటం పెట్టి, శాలువా కప్పి, బహుమానంగా ఈత కళ్లద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని ఫోటో కూడా దిగాను. అమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి రాగానే పట్టుకుంది. "ఏటే, నీకు ఈతెప్పుడొచ్చీసింది?"

"అదేం లేదమ్మా, ఫారంలో ఏదో..."

"ఓలమ్మో! సేవకెల్తూ అబద్దమాడీసావా? దిమాగ్ ఉందేటి నీకు?"

"అబద్ధం కాదమ్మా, ముందస్తు విశ్వాసం. బయల్దేరేలోపు వచ్చేస్తుంది."

ఈ 'ముందస్తు విశ్వాసం' నేను సొంతంగా కనిపెట్టిన సిద్ధాంతం. దయచేసి ఎవరూ వాడకండి.

మర్నాడు సంస్థ పెద్ద విమలమ్మగారు ఫోన్ చేశారు. "కరుణా, వందనాలమ్మా. నీతో వచ్చే నలుగురికీ ఈత రాదు. అనంతపురం వైపు భార్యాభర్తలు, నల్గొండ అన్నదమ్ములు. పాపం, మెట్ట ప్రాంతాల వాళ్లు. అక్కడికెళ్తే పడవల మీదే తిరగాలి కదా, అందుకని వాళ్లని వెంటబెట్టుకుని వచ్చే నెల మీ దీవికొస్తున్నాను. నువ్వుండగా వేరే కోచ్ ఎందుకు?"

"అవునండీ, ఎందుకూ?" అంది నా నోరు. నా వేలూ నోరూ కలిసి నా మీద కుట్ర చేశాయని అప్పుడే అర్థమైంది.

మా వెనక వీధిలో నూకరాజు మామ ఉన్నాడు. చేపల వేటే జీవనం. సొంతంగా ఒక డుంగీ ఉంది, ఇక్కడ చిన్న పడవని అలాగే అంటాం. పరుగెత్తుకెళ్లి కాళ్ల మీద పడ్డాను.

"మామా, నెల్లాళ్లలో నాకు ఈత రావాలి. కిసీకో బోల్నా నహీ, ఎవరికీ చెప్పకు!"

"ఒలే గుంటా, దీవిలో పుట్టి ఈత రాదేటే నీకు? మజాక్ సేత్నావా?"

మజాక్ కాదని మామకి తొలిరోజే తెలిసొచ్చింది. మొదటి రోజు డుంగీని కావిలించుకుని వదల్లేదు. రెండో రోజు మామని కావిలించుకుని వదల్లేదు. మూడో రోజు ఇద్దర్నీ కలిపి కావిలించుకున్నాను, డుంగీ బోల్తా పడింది. పొద్దున్నుంచి మామ పట్టిన చేపలన్నీ మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయాయి. అవి మాత్రం అద్భుతంగా ఈదాయి.

మామ తువ్వాలు పిండుకుంటూ తీర్పు చెప్పాడు. "సూడు బేటీ, నీకు ఈత రాదు. నాను మల్లీ నీతో నీల్లలోకి రాను. భగవంతుడు నోరిచ్చాడు కదా, ఆ నోటితోనే నెట్టుకెల్లిపో."

అలాగే నెట్టుకెళ్లాను. అన్నట్టుగానే మర్నెల విమలమ్మగారు ఆ నలుగురితో వచ్చారు. మొదటి మూడు రోజులూ ఆమె ఏవో కాగితాల పనిలో గెస్ట్‌హౌస్ కదల్లేదు, అదృష్టం. నలుగురినీ నేనే బీచ్‌కి తీసుకెళ్లాను. మొదటి రోజు ఇసుకలో బోర్లా పడుకోబెట్టి చేతులూ కాళ్లూ ఆడించమన్నాను. "ఈత ముందు మనసులో రావాలి, తర్వాత మట్టిలో రావాలి, ఆఖర్న నీళ్లలో రావాలి" అని ఉపన్యసించాను. టూరిస్టులు మూగారు. ఒకాయన వీడియో తీస్తూ, "దీదీ, యే కౌన్ సా యోగా హై?" అని ఇదే రకం యోగానో అడిగాడు.

రెండో రోజు 'సముద్రంతో పరిచయం' అన్నాను. అంటే చీలమండ లోతులో నిలబడటం. అందులో నన్ను మించినవాళ్లు లేరని ముందే చెప్పాను కదా. అనంతపురం అమ్మాయి రాహేలు, "అక్కా, ఇంకొంచెం లోపలికి పోదామా?" అని మర్యాదగా అడిగింది.

"తొందరపడకూడదమ్మా. సముద్రం అనుమతివ్వాలి."

మూడో రోజు ప్రార్థన పెట్టాను. ప్రపంచంలోని దేశాలన్నిటి కోసం పేరుపేరునా ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి ఆటు వచ్చి సముద్రం ఎక్కడికో వెళ్లిపోయింది. "అరెరే, నీళ్లు వెనక్కి పోయాయే! రేపు చూద్దాం" అన్నాను.

నాలుగో రోజు విమలమ్మగారే స్వయంగా దిగారు.

"మూడు రోజులైంది, ఒక్కరి జుట్టూ తడవలేదేంటమ్మా? ముందు నువ్వు ఈది చూపించు, వాళ్లకి ధైర్యం వస్తుంది."

ఆమె వెనకే ఒక బస్సు ఆగింది. అందులోంచి పాస్టరుగారు, సంఘమంతా, ఒక పెద్ద గిన్నెడు పులిహోర, ఆఖర్న మా అమ్మ, వినోదం చూడ్డానికి నూకరాజు మామ దిగారు. నిజం చెప్పడానికి అదే సరైన సమయం. చెబుదామనే నోరు తెరిచాను. ఇంతలో పాస్టరుగారు, "చూడండి, సముద్రపు బిడ్డ సముద్రంలోకి వెళ్తోంది!" అన్నారు. అందరూ "స్తోత్రం!" అన్నారు. నోరు మూసుకుంది, కాళ్లు నడిచాయి.

చీలమండ దాటింది. వెనక్కి తిరిగి అమ్మని చూశాను. మోకాలు దాటింది. నడుము దాకా వచ్చాక కళ్లద్దాలు పెట్టుకున్నాను. అప్పుడొక అల వచ్చింది. పెద్దదేం కాదు, పసిపిల్లలు ఎదురెళ్లి ఆడుకునేపాటిది. అది నన్ను ఎత్తి, తిప్పి, తల కింద, కాళ్లు పైన పెట్టింది.

"డైవింగ్! డైవింగ్!" అని పాస్టరుగారు చప్పట్లు కొట్టడం నీళ్లలోంచే వినిపించింది. ఆ వెంటనే మా అమ్మ కేక.

"ఒరే, దానికి ఈత రాదర్రా! సూస్తా కూసున్నారేటి, లాగండి!"

జడ పట్టుకుని ఎవరో ఒక్క గుంజు గుంజారు. తల పైకి తేలి చూద్దును కదా, రాహేలు! ఇటు పక్క ఆమె భర్త, అటు పక్క నల్గొండ అన్నదమ్ములు, నలుగురూ చేపల్లా ఈదుతూ నన్ను ఒడ్డుకు తోసుకొస్తున్నారు.

ఇసుకలో పడి, ఉప్పునీళ్లు కక్కి అడిగాను. "మీకు... ఈతొచ్చా?"

"బావిలో వస్తాదక్కా" అంది రాహేలు సిగ్గుపడుతూ. "ఫారంలో సముద్రం గురించి అడిగినారేమోనని రాదని రాసినాము."

"మాకు గూడ బాయిల ఈతనే అక్కా. గది లెక్కకు రాదనుకున్నం" అన్నాడు నల్గొండ అన్న.

ఈత వచ్చినవాళ్లు నలుగురూ రాదని రాశారు. రానిదాన్ని నేనొక్కదాన్నీ అద్భుతమని రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడేళ్ల కోరిక నా వేలి చివర నుంచే జారిపోయిందని అర్థమై అందరి ముందూ భోరుమని ఏడ్చాను. జరిగిందంతా చెప్పేశాను.

విమలమ్మగారు సంచిలోంచి నా ఫారం తీశారు. "ఈ చిన్న అక్షరాలు చదివావా?"

"చూశానండీ."

"ఇప్పుడు అందరికీ వినపడేలా చదువు."

ముక్కు చీదుకుంటూ చదివాను. పులిహోర తినేవాళ్లు తినడం ఆపేశారు.

"ఇంకేమేం అద్భుతాలున్నాయి ఇందులో? వంట అద్భుతంగా వచ్చని రాశావే?"

సంఘమంతా మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ ఆకాశం వైపు చూసింది.

"అది కూడా 'కొంచెం'లోకి మార్చెయ్యండి మేడం" అన్నాను.

అప్పుడు రాహేలు ముందుకొచ్చింది. "మేడం, రద్దు చేయొద్దండి. అక్కను మా ఊరికి పంపీండి. మా అవ్వ నేర్పిస్తాది. ఊర్లో ఆడోళ్లందరికీ ఆయమ్మే నేర్పించింది."

విమలమ్మగారు ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నారు. "నెల రోజులు. ఎవరి సాయం లేకుండా ఆ బావి ఈ కొస నుంచి ఆ కొసకి ఈదితే వెళ్తావు. లేదంటే లేదు."

"ఆ బావి ఎంత లోతుంటాదమ్మా?" అంది మా అమ్మ నీరసంగా.

"ముప్పై అడుగులు పిన్నీ" అంది రాహేలు.

అమ్మ ఇసుకలో కూలబడింది. నూకరాజు మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంత సముద్రాన్నొదిలీసి, సముద్రం దాటి, బావికెల్తావేటే గుంటా!"

వెళ్లాను. ఆ ఏడు వానలు బాగా పడి బావి నిండుగా ఉంది. అవ్వకి డెబ్బై దాటి ఉంటాయి. నా వీపుకి ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి, నడుముకి తాడు బిగించి, గట్టు మీద కూర్చుంది.

"యా ఊరు మే నీది?"

"అండమాన్ అవ్వా."

"అది యాడుంది?"

"సముద్రం అవతల. విమానం ఎక్కి రావాలి."

అవ్వ నా తల నిమిరింది. ఆమె కళ్లల్లో నిజమైన జాలి కనిపించింది.

"అయ్యో తల్లీ! ఈత కోసరం అనంతపురానికి వచ్చినావంటే, నీళ్లకు అంత కరువా మీ ఊర్లో?"

మా ఊరి చుట్టూ నీళ్లేనని చెప్పడానికి నోరు తెరిచాను. అదే అదునుగా అవ్వ నన్ను బావిలోకి తోసేసింది.

ఇరవై రెండో రోజు డబ్బా లేకుండా ఆ కొసకి ఈదాను. ఇప్పుడు ఇదంతా పసిఫిక్‌లోని మా బడి వసారాలో కూర్చుని రాస్తున్నాను. సంఘంవాళ్లిచ్చిన కళ్లద్దాలు వృథా పోలేదు, ఉల్లిపాయలు తరిగేటప్పుడు పెట్టుకుంటున్నాను. వాటి మీద చెయ్యి వేసి, సముద్రం సాక్షిగా, బావి సాక్షిగా, మా అమ్మ కాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ ఫారంలోనూ, ఏ కారణం చేతనూ 'అద్భుతంగా' అనే గడి జోలికి పోను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం నాకు అద్భుతంగా వచ్చు.

క్షమించాలి. కొంచెం వచ్చు.