నలుపు చాలు

అర్జీలు టైపు చేసే ఆవిడ ఏ కాగితాన్నైనా వేలితో రుద్ది చూశాకే చేతికిస్తుంది. పోయినవారం ఆమె ఒక ముసలాయనకు టైపు చేసిచ్చిన పింఛను అర్జీ వానకు తడిసి, అక్షరాలు అలుక్కుపోతే ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. అప్పటినుంచి తన ఇంకు ప్రింటరును చూస్తే ఆమెకు ఒళ్లుమంట. ఇవాళ షాపులో నలుపు మాత్రమే వేసే లేజరు ప్రింటరు ముందు నిలబడింది.

"రంగులది తీసుకో వదినా, పిల్లల బొమ్మలకీ పనికొస్తుంది," అన్నాడు వెంట వచ్చిన మరిది.

"బొమ్మలకి రంగు పెన్సిళ్లున్నాయిలే." షాపతనితో ఒక పేజీ తీయించి, వేడి ఆరకముందే దానిమీద సీసాలో నీళ్లు వంపి, బొటనవేలితో గట్టిగా రుద్దింది. కాగితం చిరిగింది గానీ అక్షరం చెదరలేదు.

"నలుగురిలో పరువు తీశావు వదినా."

"పరువు సంగతి తర్వాత. ముసలాయన రేపు పొద్దున్నే వస్తాడు. ప్రింటరు పెట్టె ఆ పక్క పట్టుకో."