సంత జీపులో నా బ్లాగు

ఆ రోజుల్లో బ్లాగు రాసేవాళ్ళందరికీ కాస్త తలపొగరుండేది. నాకు కాస్త ఎక్కువే ఉండేదని ఒప్పుకోడానికి ఇప్పుడు నామోషీ ఏమీ లేదు. డుంబ్రిగుడ అవతల కొండపల్లెలో చిన్న బడికి టీచర్ని. ఫోను మాట్లాడాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాల్సిన ఊరు. అలాంటి చోటునుంచి "పొగమంచులో పంతులమ్మ" అన్న పేరుతో లోకానికి టపాలు పంపిస్తున్నానంటే మరి ఉండదా? అసలు పేరు నేనూ చెప్పేదాన్ని కాదు, చదివేవాళ్ళూ చెప్పేవారు కాదు. ఒకరు వేపపుల్ల, ఒకరు ఆవకాయబద్ద, ఒకమ్మాయి వానపిట్ట. మొహాలు తెలీవు గానీ, ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరికి అత్తగారితో పడదో అన్నీ తెలుసు.

నెట్ సెంటరు అరకులో ఉండేది. మా ఊరినుంచి అక్కడికి వారానికొక్క జీపు, అదీ సంత రోజునే. ఆ రోజు మధ్యాహ్నానికి పిల్లలంతా సంతకే పోయేవారు కాబట్టి "పోండమ్మా, బెంచీలకి చెబుతారా పాఠం" అని హెడ్మాస్టారు నన్నూ వదిలేసేవారు. పదిమంది పట్టే జీపులో పాతికమందిమి, కోళ్ళు అదనం. ఓసారి ఆ ఇరుకులోనే టపాకి మెరుగులు దిద్దుకుంటూంటే పక్కనున్న పసుపు మామ్మ (పసుపు కొమ్ములు అమ్ముకునే ముసలామె, ముందు సీటు మీద సర్వహక్కులూ ఆవిడవే) "ఏటి రాత్తన్నావమ్మా?" అంది. మురిసిపోయి చదివి వినిపించాను. "కోడి ఎగిరిపోనాదని రాసినావు, ఎవలి కోడో రాయలేదేటి?" అని వెనకనుంచి ఎవరో గదిమారు. అంతే, ఆ వారంనుంచి జీపు జీపంతా నాకు సంపాదకులైపోయారు. వెళ్ళేటప్పుడు కొత్త టపా చదవాలి, వచ్చేటప్పుడు పాతదానికి ఎవరేమన్నారో చెప్పాలి. జవాబులు కూడా వాళ్ళే చెప్పేవారు, నేను వట్టి గుమాస్తాని.

ఒక వారం వానపిట్ట రాసింది. బెంగుళూరులో ఉంటుందట, ఆరోనెలట, తల్లి లేదట, కాళ్ళు వాస్తున్నాయట, భయంగా ఉందట. మామ్మ నవ్వడం మానేసింది. "వాపంటే ఊరుకోకూడదు, బేగి డాక్టరుకి సూపించుకోమని రాయి. రేతిరి ఒక్కర్తీ తొంగోవద్దని రాయి. బయ్యమేత్తే నాకు సెప్పమని రాయి." ఉన్నదున్నట్టు రాశాను. వానపిట్ట అలాగే చేసి, ప్రతి వారం "మామ్మకి చెప్పండి" అంటూ కబురు పెట్టేది.

సరిగ్గా అప్పుడే ఆ నీలిరంగు సైటు వచ్చిపడింది. చూస్తూండగానే బ్లాగుల వీధి ఖాళీ. తొమ్మిదో నెల వచ్చేసరికి వానపిట్ట వ్యాఖ్యలూ ఆగిపోయాయి. నేనూ సిగ్గు విడిచి నా బ్లాగు పేరుతోనే ఆ సైటులో చేరాను. అక్కడందరూ అసలు పేర్లతో, పెళ్ళి ఫోటోలతో తయారు. స్నేహం అడిగినవాళ్ళనల్లా ఒప్పేసుకుని, రెండేసి ముక్కలు రాసి, కింద పడే మెచ్చుకోలు బొమ్మలు లెక్కపెట్టుకునేదాన్ని. జీపులో మామ్మది ఒకటే ప్రశ్న. "ఆ గుంటకి పురుడయిందా?"

"తెలీదు మామ్మా. ఇప్పుడెవరూ మాటలు రాయరు. బొటనవేలు చూపించి వెళ్ళిపోతారు."

"సదువుకున్నోలే కదా, ఏలిముద్రలేటి?" అంది మామ్మ. (రాత్రి బడిలో సంతకం నేర్చుకున్న మనిషి, వేలిముద్రంటే మంట.) జీపంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే శాశ్వత సెలవు టపా రాశాను. ఏమి శోకం, ఏమి సమాసాలు. నలుగురూ కళ్ళొత్తుకుంటారని గొంతు సవరించుకుని జీపులో చదివాను. డ్రైవరు మలుపులో బండి ఆపేశాడు. మామ్మ నావైపు తిరిగింది. "మూసెత్తావా? రేపా గుంట ఎక్కడికొచ్చి సెప్పుద్ది?"

"అక్కడ అసలు పేర్లుంటాయి మామ్మా. ఆ అమ్మాయి పేరేంటో నాకు తెలీదు, ఎలా వెతకను?"

"నీకు తెలకపోతే పోనాది. పసుపు మామ్మంటే దానికి తెలుసు కదా. నా పోటో ఎట్టు."

డ్రైవరు కొత్తగా కొన్న కెమెరా ఫోనుకి అంతవరకూ దేవుడి బొమ్మలు తప్ప పని లేదు. నెత్తిమీద మూట, ముక్కుకి మూడు పుడకలు, మొహం మీద నన్ను తిట్టిన కోపం ఇంకా చల్లారకుండానే మామ్మ జీపు ముందు నిలబడింది. ఆ ఒక్క ఫోటో సైటులోకి ఎక్కేసరికి నెట్ సెంటరు మూసే వేళయింది. కింద ఒక్కటే రాశాను: వానపిట్టా, పురుడయిందా? మామ్మ అడుగుతోంది.

మరుసటి సంతకల్లా మామ్మ ఆ సైటులో ఎవరెవరి గోడలమీదో వెలిసింది. వేపపుల్ల, ఆవకాయబద్ద "నేనే, నేనే" అంటూ అసలు పేర్లతో తేలారు (ఆవకాయబద్ద గుబురు మీసాల పెద్దమనిషని తెలిసి రెండు నిమిషాలు కోలుకోలేకపోయాను). వానపిట్ట మాత్రం లేదు. ఎందుకైనా మంచిదని నా పాత బ్లాగు తెరిచాను. అక్కడ, ఎప్పటిలాగే, పొడుగ్గా రాసి ఉంది.

"ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం. అక్కడ మీ స్నేహితుల్లో మొదటినుంచీ ఉన్నాను, అసలు పేరుతో. ప్రతి వారం బొటనవేలు పెట్టింది నేనే. చంకలో పిల్ల, ఖాళీ ఉన్న చేత్తో అంతే కుదిరేది. ఈ రోజు పక్కింటావిడ ఎత్తుకుంది కాబట్టి రాస్తున్నాను. మామ్మకి చెప్పండి, భయం పోయింది."

తిరుగు జీపులో అందరికీ చదివి వినిపించాను. మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "సంకలో బిడ్డుంటే మరేటి రాత్తాది. ఏలేసింది, సాల్దేటి" అంది. తరవాత డ్రైవరుని "బేగి పోనీరా, సీకటి పడిపోతంది" అని కసిరింది.

ఇప్పుడు మా ఊళ్ళో మంచం మీదనుంచే టపా పెట్టొచ్చు. అయినా సంత రోజునే పెడతాను, చదివేవాళ్ళు పదిమందున్నా సరే. బ్లాగుకి ఎక్కని ఆ సెలవు టపా కాగితం పెట్టెలో అలాగే ఉంది. "శాశ్వత" కింద రెండు గీతలు కొట్టిన ఆ పిల్ల పంతులమ్మని చూస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఫోనులో ఎవరిదైనా బొటనవేలు కనబడితే మాత్రం, పాపం ఆ మనిషి రెండో చేతిలో ఏముందో అనుకుంటాను.