హీరో రీలు ఏది?

ఖానాపురం హవేలిలో మేముండే కిరాయి ఇంట్లో మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ చూస్తూ ఒకటే నవ్వు. ఏంది కథ అని అడిగాను. పాత హిట్టు సినిమా ఒకటి మళ్ళీ తీస్తున్నారట, ఈసారి హీరో చేసిన పాత్రను హీరోయిన్ చేస్తుందట. దాని కింద జనం రాతల్లోనే కొట్టుకుంటున్నారు. ఒకడు మగాడు లేని సినిమాకు టికెట్ దండగ అన్నాడు. ఇంకొకామె, మీ ఇంట్లో అమ్మ లేని రోజు వంట ఎట్లుంటదో చెప్పు ముందు అంది. "మీ కాలంలో గిట్లాంటివి లెవ్వా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. ఉండె బిడ్డా, కాకపోతే అప్పుడు ఫోన్లు లేక తిట్టదలచుకున్నవాళ్ళు బస్సెక్కి వచ్చి తిట్టిపోయేవాళ్ళు అన్నాను. అది మళ్ళీ నవ్వింది. నన్నెవరేం అడిగినా నవ్వించే జవాబే ముందు పరుగెత్తుకొస్తుంది. అసలు జవాబు వరుసలో వెనక నిలబడుతుంది. దాని వంతు వచ్చేసరికి అడిగినవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

రెండు వేల నాలుగో, అయిదో. నాకప్పుడు పాతికేళ్ళు. ఏడో తరగతి నన్ను రెండేళ్ళు భరించి, ఇక నావల్ల కాదని పంపించేసింది. అప్పటినుంచి నోటితోనే బతుకు. బూర్గంపాడు దిక్కు ఒక రేకుల సినిమా హాలుండేది, దానికి నేను ప్రచారం. ఆటోకు రెండు మైకులు కట్టుకొని అడవి అంచు దాకా తిరిగేవాణ్ణి. లోపలి గూడేల్లో తెలుగు తక్కువ. బొమ్మ వచ్చింది, ఫైట్లు మస్తున్నయ్, జల్దీ రండి అనే మూడు ముక్కలు వాళ్ళ భాషలో నేర్చుకున్నాను. నేను వాటిని పలికే తీరుకు ఇప్పపువ్వు ఏరుకునే ముసలమ్మలు గంపలు దించి మరీ నవ్వేవాళ్ళు. సినిమాకు వచ్చినా రాకపోయినా నా మైకు కోసం మాత్రం వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో నాకు అదే పెద్ద సన్మానం.

ఆ హాల్లో ఆపరేటర్ మా బావ, అంటే మా అక్క పెనిమిటి. బూత్ అనేది ఒక అగ్గిపెట్టె. అందులో రెండు మిషన్లు, కార్బన్ పుల్లలు మండే తెల్లటి మంట, ఆ వేడి, పొగ, కాలిన ఇనుము వాసన. రీలు అయిపోవస్తోందని తెర మూలన చుక్క పడగానే ఒక మిషన్ ఆపి రెండోది అందుకోవాలి. అర క్షణం తప్పితే తెర మీద చీకటి, కింద బూతులు. బావకు ఒక ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడి చేయి పోయింది. మాట మిగిలింది. ఆ హాలు తప్ప ఆయనకు వేరే లోకం లేదు, మాకు వేరే ఆధారం లేదు. దాంతో మధ్యాహ్నం క్యారియర్ తెచ్చే వంకతో అక్క మెట్లెక్కేది, ఆట అయ్యాక దిగేది. రెండేళ్ళు బొమ్మ నడిపింది అక్క చేతులు, బావ నోరు. కింద నుంచి ఎవడైనా "ఒరేయ్ ఆపరేటర్, నిద్రపోయినవారా!" అని అరిస్తే, బావ ఆ చిన్న కిటికీలోంచి వాడి ఏడు తరాలకూ జవాబు చెప్పేవాడు. ఈలోపు అక్క ఫోకస్ సరిచేసేది. జనం తృప్తిగా కూర్చునేవాళ్ళు. తిట్టుకు తిట్టు పడితే లోపల మగాడున్నట్టే లెక్క. ఈ సంగతి అక్కకు, బావకు, నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. తెలిస్తే అక్క ఆ మెట్లెక్కే రోజులు అయిపోయినట్టేనని మాత్రం ముగ్గురికీ తెలుసు.

మా హాలు జనానికి ఒక నమ్మకం ఉండేది. సినిమాలో ఏది అర్థం కాకపోయినా తప్పు ఆపరేటర్‌దే. ఊరికే పుట్టిన నమ్మకం కాదు. బావకు చేయి బాగున్న రోజుల్లో ఒకసారి రీళ్ళు తారుమారై, చచ్చిపోయిన విలన్ పావుగంట తర్వాత లేచొచ్చి నాటుకోడి తిన్నాడు. అప్పటినుంచి డైరెక్టర్ చేసిన తప్పులన్నీ బావ ఖాతాలోనే పడేవి.

అట్లాంటి హాలుకు, పాత హిట్టు ఒకదాన్ని మళ్ళీ తీసిన బొమ్మ వచ్చింది. పాతది అందరికీ కంఠతా. లారీ డ్రైవర్ అన్న తమ్ముళ్ళ కోసం పెళ్ళి మానుకొని, చివరకు విలన్‌ను లారీకి కట్టి ఊరంతా తిప్పుతాడు. ఊరవతల ఎదురుచూసే పిల్ల ఒకతె అన్నం గిన్నె పట్టుకొని పాట పాడుతుంది. కొత్తదాంట్లో లారీ తోలేది హీరోయిన్, తమ్ముళ్ళకు అన్న బదులు అక్క. గిన్నె పట్టుకొని కూర్చునేది మగపిల్లగాడు. పోస్టర్ చూశాను గాని, మైకులో ఆ ముక్క చెప్పలేదు. "మీ లారీ అన్న మళ్ళీ వచ్చిండు" అనే అరిచాను. పాత మాట నోటికి అలవాటు, పైగా జనం వస్తారని ఆశ. ఆదివారం సంత కూడా తోడై ట్రాక్టర్లకు ట్రాక్టర్లు దిగాయి.

హీరోయిన్ లారీ దిగి చున్నీతో అద్దం తుడిచింది. పాతదాంట్లో హీరో తువ్వాలతో అదే పని చేస్తే చిల్లర వర్షం కురిసింది. ఇప్పుడు నేల టికెట్ల నుంచి "గిన్నెలు గూడ తోమి పో అమ్మా!" అని ఒకడు. విలన్‌ను చెంపమీద కొడితే మగవాళ్ళవైపు చెంపలు తడుముకున్నారు. తమకే తగిలినట్టు కూర్చున్నారు. ఇక ఆ పిల్లగాడు గిన్నె పట్టుకొని కన్నీళ్ళు పెట్టుకుంటే తట్టుకోలేక పదిమంది బీడీలకని బయటికి పోయారు. అడ్డగోడ అవతల ఆడవాళ్ళకు ఈలలు వేసే అలవాటు లేదు. నోట్లో పొగచుట్ట పెట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రం పక్కామెతో, "ఇంటిల్లిపాదిని సాకుడు, ఎవనికో ఒకనికి బుద్ధి చెప్పుడు. మనింట్ల రోజూ ఉండేదే గదనే. దీనికి బొమ్మెందుకు?" అంది. ఇన్నేళ్ళలో ఒక సినిమా మీద అంత పొట్టి తీర్పు నేను వినలేదు.

ఇంటర్వెల్‌కు ఎవరో తేల్చేశారు: ఇది రీలు తప్పు. అసలు పెట్టెలో హీరో రీళ్ళు ఉన్నాయి, ఆపరేటర్ వేయలేదు. నవ్వొచ్చే మాటే గాని నమ్మినవాడికి నవ్వు రాదు. "ఒరేయ్ ఆపరేటర్, హీరో రీలు ఏదిరా? బయటికి రా!" అని పది పన్నెండు మంది బూత్ మెట్ల దగ్గర చేరారు. ఆ రోజు బావ లేడు. చేతికి మందు కోసం గోదావరి దాటి భద్రాచలం దవాఖానాకు పోయాడు. కిటికీలోంచి తిట్టు రాలేదు. తిట్టు రాకపోయేసరికి వాళ్ళకు అనుమానం, ధైర్యం రెండూ పెరిగాయి. తలుపుకు లోపల గడియ ఉంది, దాని వెనక అక్క ఉంది.

గేటు దగ్గర ప్రకటనల మైకు నా చేతిలో ఉంది. పెట్టెలో వచ్చిన రీళ్ళు ఇవేననవచ్చు. బావకు గొంతు పట్టేసిందనవచ్చు. నాకు తోచింది వేరు. "అన్నలారా, బొమ్మల మొగోడు పోయి ఆడది వచ్చిందని లొల్లి జేస్తున్నరు గదా! రెండేండ్ల సంది మీకు బొమ్మ తిప్పేది గూడ మా అక్కనే. ఒక్కనాడన్న తెలిసిందా?" అన్నాను. హాలు పగిలేలా నవ్వుతారనుకున్నాను. చప్పట్లు కూడా కొడతారనుకున్నాను, ఎందుకు దాచాలి. ఎవరూ నవ్వలేదు. మెట్ల మీదున్నవాళ్ళు ఆడమనిషి ఉందని వెనక్కి దిగారు, అంతవరకు మర్యాదే. దిగుతూ ఒకడన్నాడు: "అందుకేనా రీళ్ళు తప్పు పడుతున్నయ్!" ఆ మాట వరుస వరుసకూ పాకింది. పోయిన దసరాకు తెగిన పాట, కరెంటు కోతకు ఆగిన క్లైమాక్స్, అక్క మెట్లెక్కకముందే నాటుకోడి తిన్న విలన్, అన్నీ ఆమె చేతికే అంటుకున్నాయి.

అక్క మిగతా ఆట నడిపింది. చుక్క పడినప్పుడల్లా రెండో మిషన్ సరిగ్గా అందుకుంది, తెర ఒక్కసారి కూడా చీకటి కాలేదు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. నాకు భయం లేదు, సిగ్గు లేదు. ఎవరిదో సంగతి చూస్తున్నట్టే ఉంది. ఆట వదిలాక సంతలో మిరపకాయ బజ్జీలు తిన్నాను. రుచిగానే ఉన్నాయి.

మరునాడు పొద్దున్నే హాలు ఓనర్ అక్కావాళ్ళ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. "నాకు ఎప్పట్నుంచో ఎరుకేనమ్మా. ఎరుక లేనట్టుంటే నడిచింది. ఇగ ఊరందరికీ తెల్వంగనే నేను తెల్వదంటే ఎట్ల? లైసెన్సు లేని మనిషని ఎవడన్న కాగితం పెడితే హాలుకు తాళం పడ్తది" అన్నాడు. అక్క చీర కొంగున కట్టుకున్న బూత్ తాళం విప్పి ఇచ్చింది. "ఎడమ మిషన్ల కార్బన్ జల్దీ అరుగుతది. కొత్తాయనకు చెప్పు" అని మాత్రం అంది. బావ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం నన్ను పిలిచాడు.

"బామ్మర్దీ, జనం నవ్విన్రా?"

"నవ్వలే బావా."

"అట్లయితే మరీ దండుగ."

ఆయన నన్ను అన్నది అంతే. కొత్త ఆపరేటర్ నేలకొండపల్లి నుంచి వచ్చిన కుర్రాడు. మొదటి వారంలోనే రెండుసార్లు రీళ్ళు తారుమారు చేశాడు, పెళ్ళి కాకముందే బారసాల అయిపోయింది. పిల్లగాడు, నేర్చుకుంటడులే అన్నారు జనం. మంగళవారం మళ్ళీ ఆటోలో మైకు కట్టుకొని పోయాను. గూడెం ముసలమ్మలు మళ్ళీ గంపలు దించారు. అక్క మిరప చేలకు కూలికి పోయింది. కార్బన్ నిప్పురవ్వలు పడిన మచ్చల మీద మిరప ఘాటు మండుతుందని ఆమె అనలేదు. వేళ్ళు నీళ్ళలో ముంచి కూర్చోవడం మాత్రం చూశాను.

బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్క ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఫోన్‌లో వానల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. నేను ఏదో ఒకటి అంటాను, ఆమె నవ్వుతుంది. ఆ ఆదివారం గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు, నేను ఒక్క మాట అడగలేదు. కాలం ఎంత బాధనైనా మాన్పుతుందని పెద్దలంటారు. మానడానికి ముందు ఆ బాధ రావాలి కదా, ఇరవై ఏళ్ళుగా నేను దాని రాక కోసమే కూర్చుని ఉన్నాను. కాలం మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా నా ముందు నుంచే పోతోంది.