పై హద్దు

చేతికి మామిడి సొన అంటుకుంది. కడిగినా వాసన పోవడం లేదు. నా దగ్గర పనిచేసే లేఖ ఊరినుంచి తెచ్చిన కాయలవి. బల్లమీద పెడుతూ, వేరే కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చిందనీ, నన్ను వదిలి వెళ్ళలేక వద్దనేశాననీ చెప్పింది. లోలోపల నాకెంత సంతోషమో! ఆ వాసనలోనే, మగతలోకి జారినట్టు, తిరువూరు వచ్చేసింది. స్టెల్లా మేడమ్ వచ్చేశారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తిరువూరు బస్టాండు ఎదురుగా మేడమీద ఆవిడ కంప్యూటర్లు నేర్పేవారు. నా డిగ్రీ అయ్యాక నన్ను సాయానికి పెట్టుకున్నారు. పిల్లల పరీక్షకోసం నేనో చిన్న ప్రోగ్రాం రాశాను. అది నడవాలంటే వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన కోడ్, లైబ్రరీ అంటారు, ఒకటి తోడుండాలి. దాని ఏ వెర్షను కావాలో చెప్పేచోట >= 1.2 అని పెట్టాను. అంటే 1.2 గానీ, ఆపైది ఏదైనా గానీ. కొత్తదైతే ఇంకా మంచిదే కదా అని నా ధీమా. తీరా కొత్త సీడీలోంచి 2.0 ఎక్కింది, అందులో పాత పద్ధతులన్నీ మారిపోయి నా ప్రోగ్రాం ఒక్క మెషీన్లోనూ తెరుచుకోలేదు. మర్నాడే పరీక్ష. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మేడమ్ తిట్టలేదు. ఎ.కొండూరు రోడ్డులో వాళ్ళ నాన్నగారి మామిడి నర్సరీకి తీసుకెళ్ళారు. ఆకుల సందుల్లో ఎండ మెల్లగా కదులుతోంది, గాలంతా సొన వాసన. టెంకనుంచి మొలిచిన మొక్కలకు మంచిరకం కొమ్మను జతచేసి పెద్దాయన అంటు కడుతున్నారు. పెన్సిలంత లావు రాని మొక్కను పక్కన పెడుతున్నారు. మరీ ముదిరినదాన్నీ పక్కన పెడుతున్నారు. ముదిరితే ఏమవుతుందని అడిగాను.

“అంటు పట్టదు. నువ్వు కింది హద్దు ఒక్కటే రాశావమ్మా,” అన్నారు మేడమ్.

తిరిగొచ్చి >= 1.2 పక్కన < 2.0 చేర్చాను, రెండుకు లోపే అని. పాత లైబ్రరీ మళ్ళీ ఎక్కింది, ప్రోగ్రాం తెరుచుకుంది.

తర్వాత నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళనన్నాను. ఆ మేడమీది గదినీ, ఆవిడ గొంతునీ వదలబుద్ధి కాలేదు. మేడమ్ చాలాసేపు కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ ఉండిపోయారు.

“నేను నీకు పనికొచ్చేది ఇంతవరకే. ఇక్కడే ఉంటే ముదిరిపోతావు. వెళ్ళు.”

నాకు ఒళ్ళు మండింది. ఇంత సులువుగా వదిలేసుకుంటారా? విజయవాడ బస్సు ఆ నర్సరీ దాటుతుంటే కావాలనే తల తిప్పుకున్నాను. సులువు కాదని ఇవాళ, ఈ కాయలు ముందు పెట్టుకుని కూర్చుంటే తెలుస్తోంది.

లేఖను పిలిచాను. ఆ కంపెనీవాళ్ళకు మళ్ళీ ఫోన్ చేసి, వస్తానని చెప్పమన్నాను. ఆ పిల్ల నావైపు కోపంగా చూసింది. నేను కిటికీవైపు తిరిగి, కింద పోతున్న బస్సుల్ని చూస్తూ ఉండిపోయాను.