నాలుగొందల పన్నెండుకే కొనమన్న

తండ్రి వెనకే తల్లీ పోయేనాటికి పరమేష్‌కు ఆరేళ్లు, అక్క అండాలుకు పదహారు. స్నానం పోయడం దగ్గర్నుంచి డిగ్రీ ఫీజు దాకా వాడి బాగోగులన్నీ అండాలే చూసింది. పెళ్లయి పోచంపల్లి వచ్చాక కూడా చిటికి కట్టిన కూలీలో సగం తమ్ముడికే పంపేది. పట్టుపోగులు మగ్గం ఎక్కకముందే, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలు చుట్టి కట్టడమే చిటికి. ఆ పనిలో ఆమె చేయి ఊళ్లో పేరున్న చేయి. కోపంలోనూ ఆమెకు అంతే పేరు.

తమ్ముడు నార్కట్‌పల్లిలో షేర్లు కొనిపెట్టే ఆఫీసులో కుదిరాడు. జీతం పెద్దదేం కాదు గానీ చొక్కా నలగని నౌకరీ అని అండాలు మురిసిపోయేది. తల్లిదండ్రులు లేని ఆడపిల్లకు పుట్టిల్లు అంటే ఇక తమ్ముడి గడపే. ఆ గడప ఉందన్న ధైర్యంతోనే ఆమె అత్తింట్లో తల ఎత్తుకుని తిరిగింది.

వానాకాలం వస్తే ఆమె భర్త భిక్షం కూర్చుని నేసే మగ్గం గుంటలోకి నీళ్లు ఊరేవి. ఆ గుంటను సిమెంటుతో కట్టించాలని అండాలు కొంత సొమ్ము దాచింది. బ్యాంకులో ఊరికే పడి ఉండే బదులు షేర్లలో పెడితే పెరుగుతుందని ఎవరో అనగా విన్నది. ఏ కంపెనీవి కొనాలో కూడా తనే తేల్చుకుంది. ఏళ్ల తరబడి తాను వాడుతున్న రంగు డబ్బా మీద ఉన్న పేరే. ఎన్ని ఉతుకులకూ ఆ రంగు వెలిసింది లేదు, మరి కంపెనీ ఎందుకు దిగజారుతుందని ఆమె లెక్క. ఇంతకంటే అన్యాయమైన లెక్కలతో షేర్లు కొన్న చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు కనుక ఆమెను చూసి నవ్వే పని లేదు.

అది ఆదివారం. ఫోన్‌లో వెతికితే ధర నాలుగు వందల పన్నెండని చూపించింది. వెంటనే తమ్ముడికి ఫోన్ కొట్టింది.

"తమ్మీ, నాలుగొందల పన్నెండున్నది. గా ధరకే కొను."

"ఇయ్యాల బజార్ బంద్ అక్కా. రేపు తెరువంగనే పెడ్త."

"పెట్టు. నాకేం తెల్సు గవన్ని. నా ఫోన్ల షేర్ల యాప్ ఎక్కించి పిన్ను గూడ నువ్వే పెడితివాయె."

ఇక్కడ ఆమె ఎరిగిన బేరం సంగతి చెప్పాలి. ఆమె పట్టు కొనే దుకాణంలో నోటి మాటగా పడిన ధరే ధర. ఇవాళ మాట్లాడుకుని రెండు రోజుల తర్వాత పోయి తెచ్చుకున్నా, నడుమ రేటు ఎంత పెరిగినా సేటు మారుమాట్లాడడు. మాట తప్పినవాడి దగ్గర మళ్లీ ఎవరూ పట్టు ముట్టరు. కాబట్టి ఆదివారం నాడు తన నోటి నుంచి వచ్చిన మాటతోనే బేరం ముగిసిందని అండాలు నిశ్చింతగా పడుకుంది.

సోమవారం పొద్దున ఫోన్‌కు సందేశం వచ్చింది. ఒక్కో షేరు నాలుగు వందల ముప్పై ఏడుకు కొన్నట్టు ఉంది. తప్పు చదివానేమోనని మళ్లీ చదివింది. మధ్యాహ్నం ఫోన్‌లో వెతికి చూస్తే ధర నాలుగు వందల ఇరవై ఒకటే. తాను చెప్పింది ఒకటి, కట్టింది ఒకటి, లోకానికి కనబడేది ఇంకొకటి.

నేసినవాడి చేతికి వచ్చే ధర ఒకటి, అద్దాల షాపులో అదే చీరకు వేలాడే ధర ఒకటి. ఆ నడుమ తేడా ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులోకే పోవడం ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తూనే ఉంది. మరి ఈ తేడా ఎవరి జేబులోకి పోయినట్టు? నడుమ ఉన్నది తమ్ముడొక్కడే.

"మీ తమ్మున్నే అడుగరాదు," అన్నాడు భిక్షం.

"ఎట్ల అడుగుత? దొంగవారా అని అడుగుతనా?"

అడిగి, వాడు తినలేదని తేలితే ఆ గడప మళ్లీ ఎలా తొక్కుతుంది? అడగకపోతే ముద్ద దిగడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. పోయిన నెల మరదలు నవనీత మెడలో కొత్త గొలుసు చూసినట్టు గుర్తుకొచ్చింది. అది పాత గొలుసే కావచ్చు. కానీ ఆ రోజు నుంచి అది కొత్తగానే మెరవసాగింది.

చివరికి ఆమెకు ఒక ఉపాయం తోచింది. తమ్ముణ్ణి అడగకుండానే సంగతి తెలుసుకోవచ్చు. షేర్ల యాప్‌లో కనిపించిన నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి మర్యాదగా మాట్లాడింది.

"ఆర్డర్ మీరే పెట్టారా అమ్మా?"

"నాకేం తెల్సు తల్లీ, అంత మా తమ్ముడే. మీ ఆఫీసులనే పనిజేస్తడు. పరమేష్."

"మీ పిన్ ఆయనకు తెలుసా?"

"వాడు పెట్టిందే గద బిడ్డా."

"ఫిర్యాదుగా నమోదు చేయమంటారా?"

"ఏదో ఒకటి రాసుకో. సంగతి తేలాలె, గంతే."

ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, అండాలు కట్టిన చిటికి విప్పి మళ్లీ కట్టేది.

వారం చివర ఫోన్ చేసింది నార్కట్‌పల్లి ఆఫీసు పెద్ద కృష్ణకాంత్. మంచి మనిషి, ఓపికగా చెప్పాడు. ఆదివారం ఆమె చూసింది శుక్రవారం బజారు మూసేటప్పటి ధర. సోమవారం బజారు తెరవడమే పైన తెరిచింది. అప్పుడున్న ధరకే షేర్లు వచ్చాయి. మధ్యాహ్నానికి ధర దిగింది.

"ఇంత ధరకు మించి వద్దని రాసి పెట్టుంటే ఆగేదమ్మా. బజారు ధరకు పెట్టిండు కాబట్టి ఎంతుంటే అంతకు కొన్నది. మీ తమ్ముడు పైస ముట్టలేదు."

అండాలుకు ప్రాణం లేచి వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కాకపోతే," అన్నాడు కృష్ణకాంత్, "మా దగ్గర పనిజేసెటోళ్లు వేరేటోళ్ల పిన్నుతోని ఆర్డర్లు పెట్టొద్దమ్మా. అక్కయినా, అమ్మయినా. పిన్ను తను పెట్టిందేనని ఫోన్ల మీరే చెప్పిండ్రు, ఆ రికార్డు పైకి పోయింది. నేను చానా చెప్పి చూసిన. నిన్న పరమేష్‌ను తీసేసిండ్రు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట అండాలే తమ్ముడికి చిన్నప్పుడు వందసార్లు చెప్పింది. దొంగతనం చేశాడేమోనని అడిగితే అది లేదని తేలింది. అక్క మీది ప్రేమతో చేసిన పనే వాడి నోటి కాడి ముద్ద లాగేసింది.

రాఖీ పండుగ నాడు పోవాలా వద్దా అని పొద్దుటి నుంచి మథనపడి, చౌటుప్పల్‌లో బస్సు మారి నార్కట్‌పల్లి చేరింది. తలుపు తీసిన నవనీత "రా వదినె" అని లోపలికి పోయింది. పరమేష్ ఎప్పటిలాగే పీట మీద కూర్చుని చేయి చాచాడు. అండాలు రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టింది.

"తమ్మీ, నిన్నే అడిగేదుండె. తప్పయింది."

"అడిగితే ఒక్క మాటల చెప్పెటోన్ని గదక్కా."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె ఎలాగో తట్టుకునేది. వాడు ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాడు, ఏదో వెతికి, మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు.

"పిన్ను మార్చాలె. కొత్తది కొట్టు."

"ఏం కొట్టాలెరా?" అన్నది అండాలు అలవాటుగా.

"నాకు చెప్పకక్కా," అని పరమేష్ పీట మీద అటు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.